కృష్ణ వెనక నీళ్ల దీవుల్లో పురుగుల లెక్క: నా అనుభవం

సోమశిల రేవు నుంచి శ్రీశైలం దిక్కు మరబోటులో పోతుంటే కృష్ణ నడుమ పచ్చగా కనబడే దీవులన్నీ ఒకప్పటి గుట్టలే. శ్రీశైలం ఆనకట్ట కట్టాక, 1980ల మొదట్లో, లోయలు మునిగి గుట్టల తలలు మాత్రం నీటిపైన మిగిలాయి. ఆ తలల మీద చిరుమాను, నల్లమద్ది, కొడిశ, తునికి, బిల్లుడు ఇంకా నిలబడే ఉన్నాయి. చెట్లు కనబడుతున్నాయి కాబట్టి అడవి బాగానే ఉందనుకుంటాం. కానీ రాలిన ఆకును మట్టి చేసే చెదలు, రోకలిబండలు, పేడను భూమిలోకి దింపే పేడపురుగులు, వాటిని తినే సాలెపురుగులు, జెర్రులు, చీమలు ఉన్నాయా, ఎన్ని మిగిలాయి, బయటి నుంచి కొత్తగా ఏవి వచ్చి చేరాయి? ఇది తెలుసుకోవాలంటే ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే పద్ధతిలో, ఒకే కొలతతో లెక్క పెట్టాలి. ఆ పనిలో మేము నేర్చుకున్నవి, పాడు చేసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. పాలమూరు, నల్లగొండ వైపు ఎవరైనా ఈ పని మొదలుపెడితే మా తప్పులే మళ్లీ చేయకుండా ఉంటారని.

దీవి అడవుల్లో పురుగుల లెక్కకు మేము పాఠంగా తీసుకున్నది అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ దీవుల పద్ధతి. అవి పోర్చుగల్‌వి, మొత్తం 9. అక్కడ సొంత అడవి మొదట ఉన్నదాంట్లో 5 శాతం కూడా మిగలలేదు. ఆ మిగిలిన ముక్కల్లో 1999 నుంచి 150 మీటర్ల గీత వెంట, నేలమీద నడిచే పురుగులు పడేలా 30 గ్లాసులు భూమిలో పాతి, చెట్ల కొమ్మలు కొట్టి పురుగుల్ని పట్టారు. 2012 నుంచి గుడారం లాంటి ‘స్లామ్’ ట్రాప్‌లు నిలబెట్టి మూడు నెలలకోసారి సీసాలు మారుస్తున్నారు. దొరికినవాటిని మూడు కుప్పలు చేస్తారు: ఆ దీవుల్లో తప్ప ఎక్కడా లేనివి, సహజంగా వచ్చి చేరినవి, మనుషుల వెంట వచ్చినవి. మూడో కుప్ప పెరుగుతుంటే అడవి లోపల నుంచి చెడుతున్నట్టే.

మన దీవుల సంగతి వేరు. అజోర్స్ సముద్రంలో పుట్టిన అగ్నిపర్వత దీవులు, అక్కడికి ప్రతి జీవీ దాటి రావాల్సిందే. మనవి నిన్నమొన్నటిదాకా నల్లమలలో భాగం. అన్ని జీవులతో మొదలై, ఒక్కొక్కటిగా పోగొట్టుకునే దీవులు ఇవి. వెనెజువేలాలో గూరి ఆనకట్ట నీళ్లలో ఇట్లాగే మిగిలిన చిన్న దీవుల్లో వేటాడే జంతువులు పోగానే ఆకులు కోసే చీమలు విపరీతంగా పెరిగి మొలకల్ని బతకనివ్వలేదు. అందుకే ఇక్కడ ఏ పురుగు పోయిందో చూసినంత శ్రద్ధగా ఏ పురుగు మితిమీరి పెరిగిందో కూడా చూడాలి.

అనుమతి లేకుండా ఒక్క గ్లాసు కూడా పాతొద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు, నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. దరఖాస్తులో ఎన్ని గ్లాసులు, పడ్డ పురుగులు కుళ్లకుండా వాటిలో ఏ మందు పోస్తారు, ఎన్ని రోజులు, పట్టినవి ఎక్కడ దాస్తారు అన్నీ రాయాలి. మందు పేరు దాస్తే కాగితం తిరిగి వస్తుంది, రావాలి కూడా. రాత్రిపూట అడవిలో తిరగడం ఉండదు కాబట్టి యూవీ టార్చ్‌తో తేళ్లను వెతికే పని మేము పెట్టుకోలేదు. ఆ వెలుతురులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది, లెక్కకు అంతకంటే సులువైన దారి లేదు. అయినా అది ఊరి అంచు గుట్టలకే.

చోటు ఎంచుకోవడం దగ్గరే సగం పని గెలుస్తాం లేదా ఓడిపోతాం. రెండు దీవులు, వాటికి ఎదురుగా ఒడ్డున అదే ఎత్తులో, అవే చెట్లున్న రెండు అడవి ముక్కలు తీసుకున్నాం. ఒడ్డు ముక్కలు లేకపోతే దీవిలో పురుగు తగ్గిందా, ఆ ఏడు వానే తగ్గిందా చెప్పలేం. నీటి అంచుకు కనీసం 50 మీటర్లు లోపల ఉండాలి, ఎందుకంటే అంచున నీటి ఈగలు, బురదలో బతికే పురుగులు పడి లెక్కను ముంచేస్తాయి. చిన్న దీవి మీద 150 మీటర్ల గీత నిటారుగా పట్టలేదు. 75 మీటర్లు పోయి, 20 మీటర్లు పక్కకు జరిగి, మరో 75 వెనక్కి వచ్చాం. అట్లా వంచాక ఒడ్డున కూడా అదే ఆకారంలో వేయాలి. ఒకటి నిటారుగా, ఒకటి వంకరగా ఉంటే పోలిక చెడుతుంది. ప్రతి 5 మీటర్లకు ఒక గ్లాసు, చెట్టుకు అల్యూమినియం ముక్క మీద నంబరు. జీపీఎస్ ఒక్కటే నమ్ముకుంటే చెట్ల కింద 5 నుంచి 10 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, అంటే పక్క గ్లాసు చోటుకు పోయినట్టే.

ఇక గ్లాసులు. 200 మిల్లీలీటర్లు పట్టే, మూతి 7 సెంటీమీటర్ల వెడల్పున్న ప్లాస్టిక్ గ్లాసు. అజోర్స్ వాళ్లది 4.2 సెంటీమీటర్లే. ఏది వాడినా ఫరవాలేదు, మొదటి రోజు వాడిందే చివరిదాకా వాడాలి. దుకాణంలో ఒకే పేరుతో అమ్మే గ్లాసుల మూతి ఒక్కో సరుకుకు ఒక్కోలా ఉంటుంది, అందుకే 500 ఒకేసారి కొని పెట్టుకున్నాం. గుంటకు రెండు గ్లాసులు: బయటిది మట్టిలోనే ఉంటుంది, లోపలిదే తీసి మారుస్తాం. ఒక్కటే పెడితే తీసినప్పుడల్లా గుంట కూలి, చుట్టూ మట్టి కొత్తగా మారుతుంది.

నల్లమల నేల రాయి, పలక. చిన్న పార పనికిరాదు, గడ్డపార కావాలి. గుంట తవ్వాక గ్లాసు చుట్టూ సందును అక్కడి సన్న మట్టితోనే నింపి వేలితో అదమాలి. మూతి నేలకు సమంగా, లేదా వెంట్రుక వాసి కిందికి ఉండాలి. రెండు మిల్లీమీటర్లు పైకి లేచినా చిన్న చీమలు, చిట్టి పెంకుపురుగులు దాన్ని గోడగా చూసి పక్కకు తిరుగుతాయి. మొదటి వానకు చుట్టూ మట్టి కుంగి మూతి పైకి తేలుతుంది. వాన వెలిసిన వెంటనే వెళ్లి సరిచేయకపోతే ఆ పక్షం లెక్క పెద్ద పురుగుల లెక్కే అవుతుంది. ఇంకొకటి: తవ్విన వాసనకు, కదిలిన మట్టికి చీమలు మొదటి రోజుల్లో ఎగబడతాయి. గ్లాసు పాతి, మూత పెట్టి వారం వదిలేసి, ఆ తర్వాతే మందు పోసి తెరవాలి. మేము మొదటి విడత ఇది పాటించలేదు. ఆ విడత చీమల సంఖ్యలన్నీ పుస్తకంలో పక్కన గీత గీసి పెట్టాం, ఎక్కడా వాడలేదు.

మందుగా ప్రొపిలీన్ గ్లైకాల్, సగం నీళ్లు. గ్లాసుకు 60 మిల్లీలీటర్లు. వాసన లేని డిటర్జెంట్ ఒక్క చుక్క వేస్తే నీటిపైన తేలి నడిచే పురుగు కూడా మునుగుతుంది. కారు రేడియేటర్లలో పోసే ఎథిలీన్ గ్లైకాల్ చవక. కానీ అది తియ్యగా ఉంటుంది, తాగిన జంతువుకు మూత్రపిండాలు పోతాయి. ఎలుగుబంటి, కొండముచ్చు తిరిగే చోట దాన్ని పోయడం పాపం. ఉప్పు నీళ్లు ఇంకా చవక, కానీ దుప్పులు నాకడానికి వస్తాయి, మెత్తటి పురుగులు కుళ్లుతాయి. ఆల్కహాల్ అయితే ఎండాకాలం రెండు రోజుల్లో ఆవిరి.

పైన కప్పు లేకపోతే వాన నీళ్లు నిండి పొంగుతుంది. దొరికే పలక రాయిని మూడు గులకల మీద ఆనిస్తే మంచిదే అనుకున్నాం. పది రోజులకు ప్రతి రాయి కింద తేలో జెర్రో కాపురం ఉంది. నీడకోసం వచ్చినవి గ్లాసులో పడుతున్నాయి, నడుస్తూ పోయేవి కాదు. అప్పటినుంచి ప్లాస్టిక్ ప్లేటుకు మూడు కమ్మీ కాళ్లు పెట్టి, నేలకు 3 సెంటీమీటర్ల ఎత్తులో గుచ్చుతున్నాం. కప్పలు, బల్లులు పడకుండా గ్లాసు నోటి మీద 15 మిల్లీమీటర్ల కళ్లున్న జాలీ. గ్లాసు పై అంచుకు ఒక సెంటీమీటరు కింద సూదితో నాలుగు బెజ్జాలు వేస్తే, పొంగిన నీళ్లు వెళ్లిపోతాయి, పురుగులు మిగులుతాయి. అడవి పందికి వీటిలో ఏదీ అడ్డం కాదు. ఒక రాత్రి గీతలో 4 గ్లాసులు పెకిలించేసింది. అప్పుడు 30 గ్లాసులు 14 రోజులకు 420 గ్లాసు దినాలు కావాల్సింది 26 గ్లాసులకు 364 అవుతుంది. దొరికిన పురుగుల్ని ఈ 364తో భాగించాలి. మొత్తాన్ని మొత్తంతో పోల్చేస్తే పంది చేసిన పనిని పురుగులు తగ్గడంగా చదువుతాం.

స్లామ్ ట్రాప్ సంగతి. 1934లో బర్మా అడవుల్లో తిరుగుతూ స్వీడన్ కీటక శాస్త్రజ్ఞుడు రెనే మలేజ్, తన గుడారంలో దూరిన పురుగులు పైమూలకే ఎక్కుతున్నాయని గమనించి, ఆ మూలకు సీసా కట్టే ఉచ్చు తయారుచేశాడు. దానికి వారసురాలే ఈ స్లామ్. ఒక్కో పక్క 110 సెంటీమీటర్లు. లోపల అడ్డంగా నిలువుగా నల్ల దోమతెర గోడలు, పైన తెల్లటి గుడ్డ కప్పు, కొసన సీసా. ఎగిరే పురుగు గోడకు తగిలి వెలుతురు వైపు ఎక్కి సీసాలో పడుతుంది. నేలమీద పాకి గోడ ఎక్కేవి కూడా పడతాయి, సాలెపురుగులు మరీ ఎక్కువ.

నేల రాయి కాబట్టి మేకులు దిగవు. తాళ్లను చెట్ల మొదళ్లకు, లేకపోతే రాళ్లు నింపిన గోనె సంచులకు కట్టాలి. తాడు వదులైతే గుడ్డ ముడత పడి, ఆ ముడతలోనే పురుగులు ఆగిపోతాయి. సీసా వైపు దారి నున్నగా బిగిసి ఉండాలి. చీమలు తాళ్లెక్కి సీసాలో పడినవాటిని మోసుకుపోతాయి, సీసాలో మిగిలేది రెక్కల కుప్ప. ప్రతి తాడుకు రెండు కొసలా జానెడు మేర గ్రీజు రాశాక ఆగింది. గ్రీజు మీద దుమ్ము పడితే మళ్లీ వంతెనే, పక్షానికోసారి తుడిచి రాయాలి. ఒక ఎండాకాలం గడిస్తే గుడ్డ వేలు పెడితే చిరిగేంత పెళుసవుతుంది. మార్చేటప్పుడు అదే కన్ను, అదే రంగు గుడ్డ కావాలి. నల్ల గోడ స్థానంలో నీలి దోమతెర కుడితే వేరే పురుగులు వస్తాయి.

అజోర్స్‌లో మూడు నెలలు వదిలే సీసాను ఇక్కడ రెండు వారాలకు మించి వదలకూడదు. అక్కడ చల్లగా, మబ్బుగా ఉంటుంది. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో సీసాలో గ్లైకాల్ కూడా చిక్కబడుతుంది. అంతకంటే పెద్ద దెబ్బ మృగశిర కార్తెలో. మొదటి గట్టి వాన పడ్డ సాయంత్రం ఈసుళ్లు లేస్తాయి, ఒక్క రాత్రికి సీసా నిండుతుంది. వాటి ఒంట్లో నీటితో మందు పలచబడి మూడో రోజుకు అంతా కుళ్లి, అంతకుముందు పది రోజులు పడినవి కూడా జావ అవుతాయి. అందుకే జూన్ మొదటి వారం నుంచి ఒక్కో ట్రాప్‌కు రెండు సీసాలు అదనంగా ఉంచుకుంటాం. వాన పడ్డ మర్నాడే మార్చి, ఆ సీసాను వేరే తేదీతో రాస్తాం. ఆరుద్ర పురుగులు కూడా ఈ వారాల్లోనే నేలమీదికి వస్తాయి. ఎర్ర మఖమల్ లాంటి ఆ జీవి ఏడాదిలో కొద్ది రోజులే కనబడుతుంది. ఆ రోజుల్లో గ్లాసులు మూసి ఉంటే మన పుస్తకం ప్రకారం అది ఆ దీవిలో లేనట్టే.

కొమ్మలు కొట్టడం తేలిక పని అనిపిస్తుంది. మూడు చెట్టు జాతులు, ఒక్కో జాతికి 10 చెట్లు, చెట్టుకు 5 దెబ్బలు, కింద మీటరు చదరం తెల్ల గుడ్డ. తేడా దెబ్బలోనే ఉంది. ఒకరు మెల్లగా, ఒకరు గట్టిగా కొడితే పోలిక పోతుంది. మేము ఈ పనికి ఎప్పుడూ ఒకే మనిషిని పంపుతాం. పొద్దున 7 నుంచి 10 లోపే. ఎండ ఎక్కితే గుడ్డ మీద పడ్డవి చూసేలోపే ఎగిరిపోతాయి. ఫిబ్రవరి నుంచి చిరుమాను, తునికి ఆకు రాలుస్తాయి. మోడు కొమ్మను కొడితే ఏమీ రాలదు. కాబట్టి ప్రతి చెట్టు పక్కన ఆకు నిండుగా, సగం, లేదు అని రాయడం తప్పనిసరి.

ఆకు చెత్తకు మీటరు చదరం కర్ర చట్రం. లోపలి చెత్తంతా సెంటీమీటరు కన్నుల జల్లెడలో ఊపి, కింద పడ్డదాన్ని గుడ్డ సంచిలో గదిలో 48 గంటలు వేలాడదీస్తాం. చెత్త ఆరేకొద్దీ పురుగులు కిందికి దిగి సీసాలో పడతాయి. కరెంటు బల్బు అక్కర్లేదు. ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లోనే దీనికి ఫలితం. ఎండాకాలం అవన్నీ మట్టి పగుళ్లలోకి దిగిపోతాయి.

ఇన్ని చేసినా చెట్టు తొర్రల్లో బతికేవి మనకు పడవు. గుత్తి దగ్గర దొరికిందానికి 1899లో పేరు పెట్టిన నీలి సాలెపురుగు మళ్లీ కనబడడానికి దాదాపు వందేళ్లు పట్టింది. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. అది తొర్రల జీవి. మన గ్లాసుల్లో లేదంటే నల్లమలలో లేదని కాదు. చెంచు పెంటల (గూడేల) పెద్దలకు ఏ తొర్రలో ఏముంటుందో, ఏ పుట్టలో ఏ చీమో బాగా తెలుసు. వాళ్లను వెంట తీసుకుపోతే రోజు కూలీతో పాటు, వాళ్లు చెప్పిన పేరును వాళ్ల పలుకులోనే పుస్తకంలో రాయాలి.

మన దీవులకే ప్రత్యేకమైన చిక్కు నీటి మట్టం. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలం అది పదుల అడుగులు దిగుతుంది. లోతు తక్కువున్న వైపు నేల తేలి, దీవి ఒడ్డుకు అతుక్కుంటుంది. అప్పుడు చీమలు నడిచి వస్తాయి, మేకలు వస్తాయి, మేకల వెంట పేడపురుగులు వస్తాయి. అంటే ఏడాదిలో కొన్ని నెలలు అది దీవి కాదు. మొదట్లో మేము ఇది రాయలేదు. మే నెల గ్లాసుల్లో ఒడ్డు చీమలు ఎందుకు పడ్డాయో తర్వాత పుస్తకంలో వెతికితే దొరకలేదు. ఇప్పుడు ప్రతి సందర్శన రోజు ఆనకట్ట దగ్గరి మట్టాన్ని అడుగుల్లో రాస్తాం, అతుకు తేలిందా లేదా కళ్లతో చూసి రాస్తాం. ఈ రెండు గడులు లేని పుస్తకం వెనక నీళ్ల దీవులకు పనికిరాదు.

జూలై, ఆగస్టు గాలులకు పడవ కదలదు. పుట్టి నడిపే పెద్దాయన రేవులో నిలబడి నీళ్లు చూసి, “సారూ, గాలి మోపైంది, ఇయ్యాల వద్దు, రేపు పొద్దుగాల జూద్దాం” అంటే ఇక ఆ రోజుకు అంతే. ఆయన మాట దాటి పోయిన పని ఏదీ లేదు మాకు. 14 రోజుల గ్లాసు 17 రోజులైతే 17 అనే రాస్తాం. తేదీ సర్దకూడదు.

దీవిలోకి మనమే పరాయి పురుగును మోసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన కుట్టే ఎర్రచీమ మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఇంటి దగ్గర నేలమీద పెట్టిన గోనె సంచి, అన్నం టిఫిన్ దానికి బండి. రేవులోనే సంచులు దులిపి, బూట్ల అడుగు బ్రష్‌తో గీకి, పాత తాళ్లు ఎండలో ఆరబెట్టి ఎక్కుతాం. దీవి మీద అన్నం తినం. బూట్లకంటిన వయ్యారిభామ విత్తనాలకూ ఇదే జాగ్రత్త.

తెచ్చాక అసలు పని. గ్లైకాల్ నుంచి తీసిన పురుగుల్ని టీ వడపోతలో కాదు, అర మిల్లీమీటరు కన్నుల గుడ్డలో మంచినీళ్లతో కడగాలి. వడపోతలోంచి సన్న కందిరీగలు, నల్లి జాతి జీవులు జారిపోతాయి. ఆపైన 70 శాతం ఆల్కహాల్: 95 శాతందైతే 740 మిల్లీలీటర్లు తీసుకుని, శుద్ధ నీటితో లీటరుకు నింపాలి. ఒకరోజు తర్వాత ఆ ఆల్కహాల్ పారబోసి కొత్తది పోయాలి, పురుగుల ఒంటి నీళ్లు దాన్ని పలచన చేస్తాయి. డీఎన్ఏ కోసం ఉంచేవి 95 శాతంలోనే, ఫ్రిజ్‌లో. ఆల్కహాల్ కొనడానికి ఎక్సైజ్ అనుమతి వేరే ఉంది, నెలలు ముందే మొదలుపెట్టాలి.

చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తో. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగి నీలి నీళ్లవుతుంది, లేజర్ ప్రింట్ అక్షరాలు పొరలుగా ఊడతాయి. చీటీలో చోటు, గ్లాసు నంబరు, పెట్టిన తేదీ, తీసిన తేదీ, తీసిన మనిషి. పెట్టిన తేదీ లేని సీసా ఎంత మంచి పురుగున్నా రోజుల లెక్కకు రాదు.

అన్నీ గుర్తుపట్టాలనుకుంటే ఈ జన్మకు తెమలదు. సాలెపురుగులు, చీమలు, పెంకుపురుగులు, నల్లుల జాతి, ఈ నాలుగింటినే జాతులుగా విడదీస్తాం. ఈగలు, కందిరీగలు గుంపుగా సీసాలో భద్రం చేస్తాం, చదవగలిగినవాళ్లు ఎప్పుడైనా రావచ్చు. ఒక్కో రకానికి ‘చీ-07’, ‘సా-12’ లాంటి గుర్తు, ఒక నమూనా పురుగు, కొలబద్ద పక్కన ఫొటో. శాస్త్రీయ నామం నిపుణుడు చూశాకే. సాలెపురుగు పిల్లలకు జాతి తేలదు, వాటిని విడిగా లెక్కిస్తాం. లేకపోతే ఒకే జాతి పిల్లలు, మగ, ఆడ మూడు గుర్తులై, దీవిలో జాతులు పెరిగినట్టు కనబడుతుంది. ఆరు నెలలకోసారి నమూనా పెట్టె తెరిచి గుర్తులన్నీ మళ్లీ సరిచూడాలి. ఒకరు విడదీసినదాన్ని ఇంకొకరు చూడకుండా మళ్లీ విడదీస్తే తప్పులు తేలతాయి.

పుస్తకంలో ఖాళీ గడి ఉండకూడదు. గ్లాసు బాగానే ఉండి ఏమీ పడకపోతే సున్న. గ్లాసు పోతే ‘పోయింది’, పొంగితే ‘పొంగింది’, కాలితే ‘కాలింది’. ఫిబ్రవరి నుంచి మంటలు వచ్చే అడవి ఇది. సున్న ఒక సమాచారం. ‘పోయింది’ అంటే సమాచారం లేదని. ఖాళీ వదిలితే, పదేళ్ల తర్వాత చదివేవాళ్లు ఆ రెండింటినీ విడదీయలేరు.

సీసాలకు లోపల రబ్బరు ఒత్తు ఉన్న మరమూతలే వాడాలి. అయినా ఎండాకాలం గదిలో ఆల్కహాల్ తగ్గుతూనే ఉంటుంది. సంవత్సరానికి రెండుసార్లు, ఉగాది తర్వాత ఒకసారి, దీపావళి తర్వాత ఒకసారి, ప్రతి సీసా ఎత్తి చూసి 70 శాతంతో నింపుతాం. సగానికి తగ్గినదాన్ని పూర్తిగా మార్చి, మార్చిన తేదీ చీటీ వెనక పెన్సిల్‌తో రాస్తాం.